యోహాన్ సెబాస్టియన్ బాఖ్ : కుమారునికి వ్రాసిన పాఠము

మున్నేటి యొడ్డున నున్న కీసర మా స్వగ్రామము. బాల్యమున మే మెఱిగిన సంగీతమంతయు భజన మందిరపు హార్మోనియముతోను, ప్రార్థనాలయమునందలి కాలి హార్మోనియముతోను ముగిసెడిది. అట్టి మేము జర్మనీ దేశపు సంగీతజ్ఞుని జీవితమును మన పాఠశాల సంచికకు వ్రాయబూనుట యేల యని చదువరు లడుగవచ్చును. దానికి కారణము మా తప్పిద మొకటి కలదు. దానిని ముందుగా ఒప్పుకొని, పిమ్మట కథలోనికి వచ్చెదము.

గత వార్షికోత్సవమున తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మేము నేర్పిన చిన్న రచన నొకదానిని ఎలెక్ట్రిక్ కీబోర్డుపై వాయించెను. అది బాఖ్ మహాశయుడు రచించిన సి మేజరు ప్రెలూడ్. ఆమె దానిని ఒక్క నిమిషములో ముగించెను. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెను. మేమును మిక్కిలి సంతసించితిమి. అయితే ఆ బాలిక వేదిక దిగి మా యొద్దకు వచ్చి, ఇందులో పాట యెక్కడ నున్నదో తనకు తెలియలేదనియు, వేళ్లు పరుగెత్తినవే కాని చెవి కేమియు వినబడలేదనియు మెల్లగా చెప్పెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పాఠము చెప్పు విధానమును చదువుకొని, ఇరువది సంవత్సరములకు పైగా బోధించుచున్న మేము, ఆ పిల్లకు వేళ్లు మాత్రమే నేర్పి చెవిని నేర్పకపోతిమి. ఆమె ప్రశ్నకు జవాబు వెదకుచు ఆ మహాశయుని చరిత్రను మరల చదివితిమి. ఆ చదివినదే ఈ వ్యాసము.

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1685 సం॥ మార్చి 21వ తేదీన జర్మనీ దేశమునందలి తురింగియా ప్రాంతమున ఐసెనాఖ్ అను పట్టణమున జన్మించెను. తండ్రి యోహాన్ అంబ్రోసియస్ ఆ పట్టణపు కొలువులో వాద్యకారుడు. కుమ్మరి యింట కుండ యెట్లో వారి వంశమున సంగీత మట్లుండెను. అనేక తరములుగా వారు వాద్యకారులై జీవించిరి. కాని ఆ సుఖము బాలునికి ఎక్కువకాలము దక్కలేదు. 1694 సం॥న తల్లి మరణించెను. 1695 సం॥ ఆరంభమున తండ్రియు కన్నుమూసెను. పదియేండ్లయినను నిండని బాలుడు అనాథయయ్యెను.

ఓర్డ్రూఫ్ అను చిన్న పట్టణమున దేవాలయ ఆర్గను వాయించుచుండిన పెద్దన్న యోహాన్ క్రిస్టోఫ్ ఇతనిని చేరదీసెను. అన్నగారి యొద్ద ఆనాటి ప్రసిద్ధుల రచనలు వ్రాసియుంచిన పుస్తక మొకటి కలదు. దానిని ముట్టుటకు తమ్మునికి అనుమతి లేదు. బాలుడు రాత్రివేళ జాలీ తలుపుల బీరువాలోనికి చిన్న చేయి దూర్చి, పుస్తకమును చుట్టగా చుట్టి వెలుపలికి లాగి, దీపము లేనందున వెన్నెలలో ఆరు నెలలు కూర్చుండి నకలు వ్రాసికొనెనట. అన్న కనిపెట్టి ఆ నకలును లాగికొనెను. ఈ సంగతి ఆయన మరణానంతరము 1754 సం॥న అచ్చయిన చరమ వ్యాసమున కలదు. ఆ వ్యాసమును వ్రాసినవారిలో ఆయన కుమారుడు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేలు ఒకడు. నకలు పోయినను, వ్రాసిన చేతికి అలవడిన విద్య పోలేదు.

1700 సం॥న, పదునైదేండ్ల ప్రాయమున, ఆయన ల్యూనెబర్గ్ పట్టణమునందలి సెయింట్ మైకేలు పాఠశాలకు పోయెను. అచ్చట మంచి కంఠము గల పేద బాలురకు గాయక బృందమున పాడినందుకు ప్రతిఫలముగా చదువును వసతియు ఉచితముగా లభించుచుండెను. మన వసతి గృహములలో చదువుకొను విద్యార్థులు ఈ సంగతిని గమనింతురుగాక. 1703 సం॥న ఆర్న్‌స్టాట్ పట్టణపు క్రొత్త దేవాలయమున ఆర్గను వాద్యకారుడుగా నియమింపబడెను. 1705 సం॥ శరత్కాలమున, ల్యూబెక్ నగరమున నుండిన బుక్స్‌టెహూడె అను వృద్ధ విద్వాంసుని వాద్యము వినుటకై నాలుగు వారముల సెలవు తీసికొని, సుమారు 250 మైళ్లు కాలినడకను పోయెను. తిరిగివచ్చుసరికి దాదాపు నాలుగు మాసములు గడచెను. పెద్దలు మందలించిరి. అంతియే కాక, కీర్తనలకు వాయించునప్పుడు వింత స్వరములు చేర్చి సంఘస్థులను తికమక పెట్టుచున్నాడనియు నేరము మోపిరి.

తరువాత 1707 సం॥న ముల్‌హౌసెన్‌లో పని చేసి, దూరపు బంధువైన మరియా బార్బరాను వివాహమాడెను. 1708 సం॥న వైమార్ ప్రభువు కొలువున చేరి, అచ్చట తొమ్మిదేండ్లు ఆర్గను సంగీతమున సాటిలేనివాడను పేరుగాంచెను. వేరొక కొలువునకు పోవుటకు సెలవు ఇప్పింపుమని పట్టుబట్టినందుకు ఆ ప్రభువు 1717 సం॥ నవంబరున ఆయనను చెఱసాలలో పెట్టించి, దాదాపు నెల గడచిన పిమ్మట కొలువు నుండి తొలగించి విడిచెను. అంతట ఆయన కోతెన్ సంస్థానమునకు పోయెను. అచ్చటి యువ ప్రభువు లియోపోల్డ్ సంగీతప్రియుడు. మనము చెప్పుకొనవలసిన ప్రెలూడ్ ఈ కాలమునకే చెందినది.

1720 సం॥ జనవరి 22వ తేదీన బాఖ్ తన జ్యేష్ఠ కుమారుడైన విల్హెల్మ్ ఫ్రీడెమాన్ పేర చిన్న సంగీత పుస్తకమొకటి ప్రారంభించెను. బాలునికి అప్పుడు తొమ్మిదేండ్లు. అందు స్వరముల గుర్తులు, గమకముల పట్టిక, ఏ మెట్టుపై ఏ వ్రేలు పెట్టవలెనో అంకెలు వేసి చూపిన అభ్యాసము మొదట కలవు. పిమ్మట క్రమముగా చిన్న రచనలు చేర్పబడెను. ఆ పుస్తకము మొదలైన యేడే, ప్రభువుతో కూడ కార్ల్స్‌బాడ్ పోయి తిరిగివచ్చిన బాఖ్, ఇంటి వాకిట అడుగుపెట్టునప్పటికి భార్య మరణించి ఖననము కూడ జరిగిపోయెను. నలుగురు బిడ్డలు తల్లి లేనివారైరి. పదియేండ్లకు మునుపే తల్లిని కోల్పోయిన తండ్రికి, అదే ప్రాయమున తల్లిని కోల్పోయిన కుమారుని చూచినప్పుడు ఏమి తోచెనో మనము ఊహింపవలసినదే. ఆయన దానిని గూర్చి వ్రాయలేదు. కుమారుని పాఠములు మాత్రము ఆగలేదు. ఆ చిన్న పుస్తకములోనే మన ప్రెలూడ్ యొక్క పొట్టి రూపము కానవచ్చుచున్నది.

1721 సం॥ డిసెంబరున ఆయన గాయకురాలైన అన్నా మగ్దలేనాను వివాహమాడెను. 1722 సం॥న ఇట్టి రచనలను పెంచి, దిద్ది, 24 ప్రెలూడ్‌లును 24 ఫ్యూగులును గల గొప్ప గ్రంథమును సిద్ధపఱచెను. పూర్వపు శ్రుతి పద్ధతులలో కొన్ని మెట్లను షడ్జమముగా గైకొన్నచో ఇంపుగాను, మఱికొన్నిటిని గైకొన్నచో కర్ణకఠోరముగాను ఉండెడిది. పండ్రెండు మెట్లలో దేనిని షడ్జమము చేసికొన్నను చెవి కింపుగా నుండునట్లు వాద్యమును శ్రుతి చేసినచో, మేజరు, మైనరు అను రెండు రీతులకును కలిపి 24 మార్గము లేర్పడును. మార్గమునకు ఒక ప్రెలూడ్, ఒక ఫ్యూగు చొప్పున ఆయన వ్రాసెను. ప్రెలూడ్ అనగా ప్రధాన రచనకు ముందు చెవిని సిద్ధపఱచునది. ఫ్యూగు అనగా ఒకే పల్లవిని పలు కంఠములు ఒకదాని వెంట నొకటి ఎత్తుకొని అల్లుకొనునది. నేర్చుకొను యువకుల ఉపయోగమునకును, నేర్చినవారి వినోదమునకును దీనిని వ్రాసితినని ఆయన ముఖపత్రముననే తెలిపెను. ఐరోపా సంగీతమున ఇంత కీర్తి గన్న గ్రంథము పాఠ్యపుస్తకముగా పుట్టినదని గ్రహింపుడు.

ఇక ఆ గ్రంథపు మొదటి పుటలోని సి మేజరు ప్రెలూడ్‌ను చూతము. అందు పాడుకొనదగిన వరుస యేదియు పైకి కానరాదు. ఉన్నవి కార్డులు మాత్రమే. కలసి పలుకదగిన స్వరముల గుంపును కార్డు అందురు. ఈ రచనలో ఆ గుంపు నొక్కసారిగా నొక్కక, ఒక్కొక్క స్వరముగా విప్పి వాయింతురు. మొత్తము 35 గడులు. సి అను మెట్టును షడ్జమముగా గైకొన్నచో మొదటి గడిలోని కార్డు స, గ, ప, పై స, పై గ అను ఐదు స్వరములు. ఎడమచేయి మొదటి రెండింటిని వాయించి నొక్కియుంచును. కుడిచేయి తక్కిన మూడింటిని రెండుమారులు పలికించును. ఇట్లు ఎనిమిది స్వరములు. దానినే మరల వాయించిన ఒక గడి నిండును. 32 గడుల వఱకు ఈ నడక మారదు. మాఱునది కార్డు మాత్రమే.

రెండవ గడిలో కార్డు స, రి, ధ, రి, మ. క్రిందనున్న షడ్జమము కదలకుండగా పైన రిషభము వచ్చి దానితో ఒరయును. ఆ ఒరపిడి చెవికి ఒకవిధమైన కొఱతను కలిగించును. మూడవ గడిలో ఆ షడ్జమము ఒక్క మెట్టు దిగి నిషాదమగును. నాలుగవ గడిలో తిరిగి షడ్జమమును చేరి మొదటి కార్డునే పలుకును. ఇల్లు విడుచుట, వెలితి పడుట, ఇల్లు చేరుట యను మూడును నాలుగు గడులలోనే ముగిసినవి. ఇకమీదట క్రింది స్వరము మెల్లమెల్లగా దిగుచు, 19వ గడిలో ఒక స్థాయి క్రిందనున్న షడ్జమమును చేరును. పాట యెక్కడ నున్నదని మా బాలిక అడిగిన ప్రశ్నకు జవాబు ఇచ్చటనే కలదు. అది పైన పరుగెత్తు స్వరములలో లేదు. క్రింద నెమ్మదిగా నడచు స్వరములో నున్నది. ఎడమచేతి స్వరములను నొక్కియుంచవలెనని బాఖ్ వ్రాతలో చూపినది అందుకొఱకే. మేము ఆ బాలికకు ఎడమచేతిని వెంటవెంటనే ఎత్తివేయ నేర్పితిమి. అట్లు చేసినచో వేగము పెరుగును గాని పాట చచ్చును.

ఎంత వేగముగా వాయింపవలెను? ఎచ్చట గట్టిగా, ఎచ్చట మెల్లగా పలికింపవలెను? ఈ విషయమున బాఖ్ ఒక్క గుర్తైనను వ్రాయలేదు. అచ్చు పుస్తకములలో కానవచ్చు అట్టి గుర్తులు పిమ్మటివారు తమ అభిరుచి ననుసరించి చేర్చినవి. ఆయన కాలమున క్లావియర్ అను మాట మెట్లు గల వాద్యములన్నిటికిని చెల్లెడిది. హార్ప్సికార్డులో చిన్న ఈక ముక్క తీగెను మీటును. మెట్టును ఎంత గట్టిగా నొక్కినను ధ్వని పెద్దది కాదు. క్లావికార్డులో ఇత్తడి రేకు తీగెను తాకును. ధ్వని మిక్కిలి సన్నము, కాని వ్రేలి బరువును అనుసరించును. కనుక వాయించువాడు వాద్యమును బట్టియు, గదిని బట్టియు, కార్డు యొక్క స్వభావమును బట్టియు తానే నిర్ణయింపవలెను. స్వేచ్ఛ కలదు, ఆ స్వేచ్ఛకు హద్దు చెవి.

ఈ స్వేచ్ఛను మీరి రచననే దిద్దినవారును కలరు. 22వ గడిలో క్రింది స్వరము ప్రతిమధ్యమము. 23వ గడిలో అది శుద్ధధైవతము. 24వ గడిలో పంచమము. అనగా పంచమమును దాని క్రింది మెట్టు నుండి సమీపించి, దానిని తాకకయే దాటి, పై మెట్టు నుండి దానిపై దిగునన్న మాట. హాంబర్గ్ నగరపు ష్వెంకె అను సంగీతజ్ఞునికి ఈ దాటు లోపముగా తోచెనో యేమో, ఆయన ప్రతిలో ఆ రెండింటి నడుమ పంచమముతో కూడిన ఒక గడి అధికముగా చేరెను. ఆ గడి పెక్కు అచ్చు ప్రతులలోనికి ప్రాకెను. 1853 సం॥న ఫ్రెంచి సంగీతజ్ఞుడు గూనో ఈ ప్రెలూడ్‌పై తానొక వరుసను కట్టినప్పుడు ఆ గడియు అందుండెను. 1859 సం॥న ఆ వరుసకు మరియ ప్రార్థన మాటలు జత చేయబడి లోకప్రసిద్ధమయ్యెను. గూనో వరుస మధురమైనదే. కాని ఆ బాలిక వలె లోకమంతయు పాట యెక్కడ అని అడుగుచుండగా, ఆయన క్రొత్త పాటను పైన పెట్టి జవాబు చెప్పెను. మేము నేర్పినదియు ఆ అధికపు గడి గల ప్రతియే. అది రాబోవు పంచమమును ముందుగనే చూపి, ఎదురుచూచుచున్న చెవిని నిరాశ పఱచును. దానిని తీసివేసి వాయించినప్పుడు, 24వ గడి మొదలు 31వ గడి వఱకు ఎనిమిది గడులు కదలక నిలుచు పంచమము ఎంత బలమైనదో తెలియవచ్చును. కడపటి నాలుగు గడులలో క్రింది స్వరము షడ్జమమున నిలుచును. నడక సడలి, తుది కార్డు ఒక్కటే మిగులును.

1723 సం॥న బాఖ్ లైప్సిగ్ నగరమునందలి సెయింట్ థామస్ పాఠశాలకు కాంటర్‌గా, అనగా సంగీతోపాధ్యాయుడుగా వచ్చెను. టెలెమాన్ రాననెను, గ్రౌప్నర్‌ను అతని ప్రభువు విడువలేదు, అందువలన నగర సభవారు ఈయనను గైకొనిరి. పాఠశాల భవనముననే కాపురము. నాలుగు వారముల కొకమారు బాలుర వసతిని తనిఖీ చేయు పని ఆయనకును వచ్చుచుండెను. లాటిను బోధించు బాధ్యతను తన జీతము నుండి సొమ్ము చెల్లించి వేరొకరికి అప్పగించెను. దేవాలయములకు ఆదివారపు సంగీతము సమకూర్చుట, పాడించుట, దండింపు మాటలు వినుట, ఇవి ఆయన దినచర్య. 1730 సం॥న సభవారికి వ్రాసిన విన్నపములో, తన 54 మంది బాలురలో 17 మంది పనికి వచ్చువారనియు, 20 మందికి ఇంకను తర్ఫీదు కావలెననియు, 17 మంది సంగీతమునకు తగరనియు లెక్క చూపెను. మన తరగతి గదులను ఎఱిగిన ఉపాధ్యాయుల కెవ్వరికిని ఈ లెక్క వింతగా తోచదు.

అట్టి పనిభారములోను ఆయన శిష్యులకు కాలము ఇచ్చెను. క్రొత్త విద్యార్థులచే కొన్ని మాసముల పాటు వ్రేళ్లన్నిటికిని సమమైన, స్పష్టమైన తాకిడి వచ్చు వఱకు చిన్న అభ్యాసములే చేయించెడివాడనియు, వారి ఓర్పు సడలినప్పుడు ఆ అభ్యాసములనే అందమైన చిన్న రచనలుగా మార్చి యిచ్చెడివాడనియు 1802 సం॥న ఆయన చరిత్రను ప్రకటించిన ఫోర్కెల్ తెలిపెను. గెర్బర్ అను శిష్యునికి పైని చెప్పిన గ్రంథమును మొదటి నుండి తుది వఱకు మూడుమారులు తానే వాయించి వినిపించెనట. నేడు పాఠము చెప్పుటకు మనసు లేదను నెపమున వాద్యము ముందు కూర్చుండి, గంటలను నిమిషములుగా గడపెడివాడట. ఆ గంటలను ఆ శిష్యుడు తన జీవితమునందలి మిక్కిలి ఆనందకరమైన గంటలలో లెక్కించెనట.

ఇద్దఱు భార్యల వలన ఆయనకు కలిగిన 20 మంది బిడ్డలలో పదిమందే పెద్దవారైరి. దేవాలయమునకు వ్రాసిన రచనలు పెక్కింటి చివర, మహిమ దేవునికే అను నర్థమిచ్చు మూడక్షరములు వ్రాసి ముగించుట ఆయన వాడుక. వార్ధక్యమున చూపు మందగించెను. 1750 సం॥ మార్చి, ఏప్రిల్ మాసములలో టేలరు అను ఆంగ్ల వైద్యుడు రెండుమారులు శస్త్రచికిత్స చేసెను. చూపు రాలేదు, ఉన్న ఆరోగ్యమును పోయెను. అదే సంవత్సరము జూలై 28వ తేదీన, 65వ యేట ఆయన పరమపదించెను. భార్య అన్నా మగ్దలేనా ధర్మవేతనముపై జీవించి 1760 సం॥న మరణించెను. ఆయన సమాధిపై గుర్తు కూడ లేకపోయెను.

ఆ 24 జతల గ్రంథము ఆయన జీవితకాలమున అచ్చు కాలేదు. శిష్యులు నకళ్లు వ్రాసికొనిరి. వారి శిష్యులు మరల వ్రాసికొనిరి. బాన్ నగరమున బాలుడైన బేతోవెన్ అట్టి ప్రతినుండియే దానిని నేర్చెను. 1801 సం॥న గాని అది అచ్చునకు నోచుకొనలేదు. వెన్నెలలో నకలు వ్రాసికొన్న బాలుని గ్రంథము, అర్ధశతాబ్దమునకు పైగా నకళ్ల వలననే బ్రదికినది. 1829 సం॥న మెండెల్సన్ ఆయన రచించిన మత్తయి సువార్త శ్రమల గానమును బెర్లినులో పాడించిన పిమ్మట, లోక మాయనను మరల తలచెను. 1950 సం॥ నుండి ఆయన అస్థికలు తాను పని చేసిన సెయింట్ థామస్ దేవాలయముననే విశ్రమించుచున్నవి.

ఇక మా ప్రాయశ్చిత్తము. ఈ సంవత్సరము ఆ బాలికకు ప్రెలూడ్‌ను మొదటి నుండి మరల నేర్పితిమి. మొదటి వారము స్వరములను విప్పి వాయింపనీయలేదు. గడికొక కార్డు చొప్పున ఐదు స్వరములను ఒక్కసారి నొక్కి, ధ్వని చెవిలో నాటిన పిమ్మటనే తరువాతి కార్డునకు పోనిచ్చితిమి. రెండవ వారము క్రింది స్వరమును మాత్రమే వాయించుచు కంఠముతో పాడించితిమి. మూడవ వారమున రెండు చేతులును కలిపితిమి. అధికపు గడిని ఎఱ్ఱ సిరాతో కొట్టివేసితిమి. ఒక సాయంకాలము బడి విడిచిన పిమ్మట ఆమె దానిని తుది వఱకు వాయించెను. ఈసారి రెండు నిమిషములకు మించి పట్టెను. వినినవారు మేమును, తలుపునకు తాళము వేయ వచ్చిన బంట్రోతును మాత్రమే. చప్పట్లు లేవు. పాట క్రింద నున్నదండీ అని ఆమెయే చెప్పెను.

ప్రియ విద్యార్థులారా, పరీక్షలలోను పోటీలలోను త్వరగా ముగించువారిని లోకము మెచ్చుకొనును. ఉపాధ్యాయులమైన మేమును మెచ్చుకొనుచున్నాము. కాని తల్లిని కోల్పోయిన కుమారుని చిన్న పుస్తకములో ఒక తండ్రి వ్రాసిన పాఠము మూడు వందల సంవత్సరముల పిమ్మట మున్నేటి యొడ్డున నున్న మా చెంతకు వచ్చి, మా బోధనను దిద్దినది. మీరు ఏ విద్య నేర్చినను, పైన పరుగెత్తుదానిని మాత్రమే గాక క్రింద నిలిచినదానిని విన నేర్చుకొనుడు. అది వినిపింపకుండ మేము నేర్పినచో, ఆ బాలిక వలె మమ్మును అడుగుడు.